మిషను కింద ముగ్గుపిండి



ఈ వారం రోస్టర్ పాయింట్ల గురించి రాస్తానని మాటిచ్చాను. కుదరలేదు. వరసగా మూడు ఆదివారాలు మా ఇంట్లో వాషింగ్ మిషను వెనకాల నేలమీద బోర్లా పడుకునే పని పడింది. "వాషింగ్ మిషను గురించి ఏం రాస్తావన్నా" అని నవ్వే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, కాస్త ఓపిక పట్టండి. ఇవాళ హాస్టల్లో ఉన్న మీరే రేపు అద్దె ఇంటి కోసం గేటు గేటుకీ తిరిగేది.

ముందు మిషను సంగతి చెప్తాను. ముందువైపు గుండ్రటి తలుపుండే ఫ్రంట్ లోడ్. నాలుగేళ్ళ కిందట, బదిలీ మీద పోతున్న కొలీగ్ దగ్గర 9,000 రూపాయలకు తీసుకున్నాను. కొన్నది అమ్మ కోసం. నాన్న పోయాక పొదిలి వైపున్న మా మెట్ట పల్లె నుంచి అమ్మను హైదరాబాదు తెచ్చుకున్నాం. వచ్చిన వారానికే బాత్రూంలో పీట వేసుకుని అందరి బట్టలూ ఉతకడం మొదలుపెట్టింది. వద్దంటే వినదు. ఆ చేతులు చూసి మిషను కొన్నాను.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. అంతకుముందు ఆ బట్టలు ఉతికింది నేను కాదు. స్త్రీల శ్రమ మీద మీటింగుల్లో మాట్లాడి ఇంటికొచ్చి నేను విడిచిన చొక్కా నా సహచరి ఉతికేది. అమ్మ ఉతుకుతుంటే చూడలేకపోయినవాణ్ణి, అన్నేళ్ళు ఆమె ఉతుకుతుంటే ఎట్లా చూశాను? దానికి నా దగ్గర జవాబు లేదు. ఆమె అడిగింది కూడా, ఒకే ఒక్కసారి.

అమ్మ చేతుల కథ పాతది. నా చదువు కోసం మావాళ్ళు ఒంగోలు వచ్చి ఎనిమిదేళ్ళున్నారు. నాన్న మట్టిపనికి పోయేవాడు, అమ్మ నాలుగిళ్ళల్లో పాచిపని చేసేది. సబ్బునీళ్ళకి వేళ్ళ సందులు ఒరిసిపోయి రాత్రిళ్ళు కొబ్బరినూనె రాసుకుని పడుకునేది. ఒకింట్లో, అమ్మ ఉతికి జాడించి పిండిన బట్టల మీద ఆ ఇంటామె మళ్ళీ చెంబుడు నీళ్ళు కుమ్మరించుకుని గానీ ఆరేసేది కాదు. అమ్మ చెయ్యి తగిలిన మైల పోవాలట. తర్వాత వాళ్ళు వాషింగ్ మిషను కొని అమ్మ జీతం సగానికి తగ్గించారు. మిషన్లో వేసేముందు కాలర్లు, చేతి మడతలు మాత్రం అమ్మే రుద్దాలి. ఆ మిషను మీట ఒక్కరోజు కూడా అమ్మను నొక్కనివ్వలేదు.

అందుకే మా ఇంటికి మిషను వచ్చిన రోజు, ప్లగ్గు పెట్టి నీళ్ళ గొట్టం బిగించాక, అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని అడిగింది.

"అబ్బాయా, నేను నొక్కొచ్చా?"

మా పల్లెలో చాకలివాళ్ళు మాదిగ ఇళ్ళ బట్టలు ముట్టేవాళ్ళు కాదు. వాళ్ళను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మావి ఉతికిన చేత్తో తమవి ఉతకడానికి ఊళ్ళో పెద్దకులాలు ఒప్పుకోవు, వాళ్ళకొచ్చే గింజలు పోతాయి. అందరి మురికీ మోసే చాకలి కూడా ఇంకో మెట్టు కిందకి చూడాల్సిందే. బాబాసాహెబ్ నిచ్చెనమెట్ల అసమానత అన్నది పుస్తకంలో చదవకముందే మేం బట్టల మూటలో చూశాం. సరే, మిషను దగ్గరికి వస్తాను.

మేం ఉండేది పై అంతస్తులో, ఓనరు వాళ్ళు కింద. రెండేళ్ళుగా ఏ గొడవా లేదు. ఒకటో తారీకున ఫోన్లో అద్దె వేస్తాను, ఆయన రెండు చేతులు జోడించిన బొమ్మ పంపిస్తాడు. అంతవరకే మా సంబంధం. ఒక బుధవారం సాయంత్రం బెల్లు కొట్టాడు.

"సార్, మీ మిషను నీళ్ళు కిందికి దిగుతున్నట్టున్నాయి. మా దేవుడి గది సీలింగు తడిసిపోతోంది. ఒకసారి చూద్దామా సార్?"

లోపలికి రమ్మన్నాను. రెండేళ్ళలో ఆయన మా హాల్లోకి రావడం అదే మొదలు. గోడ మీద బాబాసాహెబ్ పటం, పక్కన సావిత్రిబాయి, జ్యోతిరావు. ఆయన ఆ గోడ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. వెనక వాష్ ఏరియాలోకి వెళ్ళి చూస్తే మిషను కింద నిజంగానే మడుగు కట్టి ఉంది. మా మిషను కారింది. ఆ మాట దాచను. తిరిగొచ్చేటప్పుడు ఆయన నోట్లో సార్ లేడు.

"ఎక్కడ పని చేస్తున్నావన్నావు?"

"డిగ్రీ కాలేజీలో. కాంట్రాక్టు లెక్చరర్ని."

"దేవుడి గదయ్యా. మీరు విడిచిన బట్టల నీళ్ళు పటాల మీద చుక్కలు పడుతుంటే మేం దీపం ఎట్లా పెట్టుకోవాలి? ముందే తెలిసుంటే..." అని ఆగి, మెట్లు దిగిపోయాడు.

ఏం తెలిసుంటే? మిషను కారుతుందనా? ఆ రాత్రి నేనూ నా సహచరీ ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూశాం. అమ్మ మాత్రం మడుగును గోనెపట్టాతో ఒత్తి బకెట్లో పిండుతూ కూర్చుంది.

మర్నాడు సర్వీసు సెంటరుకు ఫోన్ చేశాను. కుర్రాడొచ్చాడు. వచ్చినందుకే 450 రూపాయలు. మిషన్ని గోడ దగ్గర్నుంచి ఒక్క అంగుళం జరపలేదు. తలుపు తీసి, డ్రమ్మును చేత్తో ఊపి, కింద టార్చి కొట్టి, ఐదు నిమిషాల్లో తేల్చేశాడు. "టబ్ సీల్ పోయింది సార్. డ్రమ్ము సెట్టు మొత్తం మార్చాలి. 7,200 అవుద్ది. దాని బదులు ఎక్స్చేంజిలో కొత్తది తీసుకోండి." నాకు ఒళ్ళు మండింది. వాడు మెట్లు దిగి బండి మీద ఆ పెద్ద సంచీ కట్టుకోవడం కిటికీలోంచి చూశాక కోపం కొంచెం తగ్గింది. రోజుకు ఇన్ని ఇళ్ళు, నెలకు ఇన్ని పార్టులు అని పైనుంచి లెక్కలుంటాయి. వాడికి దొరికిన టైము ఐదు నిమిషాలే.

7,200 నా దగ్గర లేవు. నిజానికి ఉన్నా, చూడకుండా చెప్పిన మాటకి ఇవ్వబుద్ధి కాలేదు.

అప్పుడు అమ్మ అంది. "వాడు చూళ్ళేదురా. తిరిగేటప్పుడు కారట్లేదు. పారబోసేటప్పుడే కారుద్ది. నేను రోజూ దాని ముందే కూసుంటా గదా."

ఇది నాకు తట్టలేదు. ఎక్కడ కారుతుందని అడుగుతున్నానే గాని ఎప్పుడు కారుతుందని అడగలేదు. మిషను చేసే పని ఒక వరసలో జరుగుతుంది. నీళ్ళు పట్టుకుంటుంది, తిప్పుతుంది, పారబోస్తుంది, గిరగిరా తిప్పి పిండుతుంది. ఏ దశలో కారితే తప్పు ఆ దశలో పనిచేసే భాగంలో ఉండాలి. మిషను ఆపి ఉన్నప్పుడు, కుళాయి తిప్పగానే కారితే నీళ్ళొచ్చే గొట్టం, దాని కొసనున్న రబ్బరు వాషరు. నీళ్ళు పట్టుకునేటప్పుడైతే సబ్బుపొడి వేసే డబ్బా, దాని కింది గొట్టం. పొడి మరీ ఎక్కువేసినా నురగ పొంగి అక్కడినుంచే దిగుతుంది. తిరిగేటప్పుడైతే తలుపు చుట్టూ ఉండే రబ్బరు గ్యాస్కెట్ చూడాలి. పిన్నీసులు, నాణేలు చిరగ్గొట్టేది దాన్నే. పారబోసేటప్పుడైతే పంపు, దాని ఫిల్టరు మూత, బయటికి పోయే గొట్టం. టబ్ సీల్ పోతే నీళ్ళు బేరింగులోకి దిగుతాయి, పిండేటప్పుడు మిషను లారీలా మోత పెడుతుంది. మాది పిండేటప్పుడు చప్పుడే లేదు. అంటే ఆ కుర్రాడు చెప్పిన జబ్బుకి లక్షణమే లేదు.

మొదటి ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం. ప్లగ్గు తీసేశాను, కుళాయి కట్టేశాను. తమ్ముళ్ళూ, ఇది మరిచిపోవద్దు. తడి నేల, కరెంటు, ఇనప డబ్బా మూడూ ఒకచోట ఉన్నప్పుడు ధైర్యం పనికిరాదు. మిషన్ని ముందుకు లాగడానికి కింద గదిలో ఉండే స్టూడెంట్ కుర్రాణ్ణి పిలిచాను. ఫ్రంట్ లోడ్ మిషను మోయలేని బరువుంటుంది. పిండేటప్పుడు ఎగరకుండా లోపల సిమెంటు దిమ్మెలు బిగిస్తారు.

ముందు ఫిల్టరు విప్పాను. కింద మూలనున్న చిన్న తలుపు తీస్తే గుండ్రటి మూత కనిపిస్తుంది. కింద పళ్ళెం పెట్టి నెమ్మదిగా తిప్పాలి, లోపల నిలవున్న నీళ్ళు ఒక్కసారిగా వస్తాయి. రెండు రూపాయి బిళ్ళలు, మా పాప స్కూలు సాక్సు దారాలు, ఒక నీలం రిబ్బను ముక్క, దాని పిన్నీసు వచ్చాయి. ఏప్రిల్ 14న నా చొక్కాకి పెట్టుకున్న బ్యాడ్జీ అది. జేబులు చూసుకోకుండా బట్టలు వేసే మగాడు నేనే అని అందరి ముందూ రుజువైంది. అన్నీ కడిగి మూత బిగించాను. మిషను వెనకా ముందూ నేలని పొడిగుడ్డతో తుడిచి న్యూస్‌పేపర్లు పరిచాను, ఎక్కడ తడిస్తే అక్కడ చూద్దామని.

పేపరు చూసి అమ్మ పెదవి విరిచింది. "కాయితం ఒకచోట తడిస్తే అంతా పీల్చుద్ది. మొదలేదో తెలవదు. ఆగు." వంటింట్లోకి పోయి ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. నేలమీద పలచగా చల్లింది. వెనక వేలాడే నల్ల గొట్టానికి మొదట్నించి చివరిదాకా, పిల్లలకు పౌడరు రాసినట్టు, పిండి పూసింది.

"ఇదెక్కడ నేర్చుకున్నావమ్మా?"

"మీ తాత దగ్గర."

మా తాతను నేను చూశాను గాని ఆయన పని నేను చూడలేదు. మా మెట్టలో మోటార్లు రాకముందు బావుల్లోంచి కపిలతో నీళ్ళు తోడేవాళ్ళు. ఎడ్లు మోకు లాగితే నిండిన బొక్కెన పైకొచ్చి, తోలు తొండంలోంచి నీళ్ళు కాలవలో పడతాయి. ఆ తోలు మాదిగలదే. చచ్చిన గొడ్డు చర్మం తెచ్చి, సున్నంలో వేసి, తంగేడు చెక్కలో ఊరబెట్టి, కోసి కుట్టింది మా తాతలు. మా అమ్మ కాపురానికొచ్చేనాటికి కపిలలు చివరికొచ్చాయి, అయినా రెండు మూడు బావుల మీద ఇంకా ఆడుతుండేవట. తొండం కారితే రైతు తెచ్చి మా గుడిసె బయట పడేసి పోయేవాడు. తాత దాన్ని వేపచెట్టుకు వేలాడదీసి, చివర కట్టి, నీళ్ళు పోయించి, పైన పొడి బూడిద చల్లేవాడట. కంటికి కనబడని చిల్లి దగ్గర బూడిద ముందు నల్లబడుతుంది. అక్కడ బొగ్గుతో గుర్తు పెట్టుకుని, వారుతో కుట్టి, ఆముదం పట్టించేవాడు. "మీ తాత కుట్టిన కుట్టు కారింది లేదు" అంది అమ్మ. ఆ గొంతులో గర్వం నేను ఎప్పుడూ వినలేదు. మా ఇంట్లో తోలుపని మాటెత్తితే సిగ్గుపడ్డమే తెలుసు నాకు. స్కూలు ఫారంలో తాత వృత్తి అడిగితే నేను "వ్యవసాయం" అని రాశాను.

ఆ తొండంలోంచి వచ్చిన నీళ్ళతో ఊరి పొలమంతా పండింది. తాతకు దాహమైతే ఆ బావి గట్టెక్కకూడదు. ఎవరైనా పైనుంచి పోస్తే దోసిలి పట్టుకోవాలి. నీళ్ళు తన తోలు తగిలే పైకొచ్చేవి. తోలుకు లేని అంటు ఆ తోలు కుట్టిన చేతికి ఉండేది.

సరే. ప్లగ్గు పెట్టాం. అమ్మే మీట నొక్కింది. నీళ్ళు పట్టుకుంది, పిండి పొడిగా ఉంది. అరగంట తిరిగింది, పొడిగానే ఉంది. అందరం నేలమీద కూర్చున్నాం, పాప అయితే క్రికెట్ మ్యాచ్ చూస్తున్నట్టు. పంపు ఘుర్రుమంది. వెనక గొట్టం ఒక్కసారి వణికింది. గోడవైపు, గొట్టం కిందికి వంగే చోట, తెల్లపిండి మీద ఆవగింజంత నల్లచుక్క. తర్వాత ఇంకోటి. రెండు చుక్కలూ కలిసి చార అయ్యాయి.

దగ్గరికెళ్ళి చూస్తే పంటి గాట్లు. ఎలుక. గొట్టం మడతల్లో రెండు చిల్లులు, బియ్యపు గింజంత. 7,200 రూపాయల జబ్బు అదీ.

ఆ పూటకి చిల్లుల మీద పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించాను. సాయంత్రం గొట్టం విప్పి, దాన్నే చేత్తో పట్టుకుని స్పేరు పార్టుల షాపుకు పోయాను. పాతది పట్టుకుపోవడం మంచిది. పొడుగు, పంపు వైపు మూతి కొలత మిషను మిషనుకీ మారుతుంది. కొత్తది 280 రూపాయలు. బిగించడానికి రెండు గంటలు పట్టింది, క్లిప్పు జారి వేలు చీరుకుంది. గొట్టాన్ని మిషను వెనక కొక్కేనికి తగిలించి, పైకి లేపి, అక్కడినుంచి కిందికి దించాలి. నేలబారున వదిలేస్తే పట్టుకున్న నీళ్ళు పట్టుకున్నట్టే పోతాయి, మిషను పట్టుకుంటూనే ఉంటుంది. ఎలుక రాకుండా గోడ కన్నానికి గాజుపెంకులు వేసి సిమెంటు పెట్టాను. సోమవారం, బుధవారం మిషను వేశాం. ముగ్గుపిండి ముగ్గుపిండిలాగే ఉంది. గెలిచాం అనుకున్నాను.

రెండో ఆదివారం మధ్యాహ్నం ఓనరు మళ్ళీ బెల్లు కొట్టాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఏం బాగుచేశావయ్యా? ఇంకా పడుతున్నాయి. మీరు మిషను వేసినప్పుడే పడుతున్నాయి. నేను టైము రాసి పెట్టుకున్నాను."

ఆయన రాసిపెట్టుకున్న టైములు చూశాను. మా మిషను పారబోసే టైములే. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఇదే నన్ను కాసేపు తికమకపెట్టింది. మిషను కారడం ఆగింది, కింద చుక్క ఆగలేదు, చుక్క పడేది మిషను వేసినప్పుడే. మూడూ నిజం. మరి?

జవాబు ఆ గొట్టం చివర ఉంది. మా మిషను నీళ్ళు బాత్రూంలో నహానీ ట్రాప్‌లోకి పోతాయి. స్నానం చేస్తే నీళ్ళు చెంబు చెంబుగా పోతాయి. మిషను పంపు బకెట్లకు బకెట్లు ఒక్క ఊపులో తోస్తుంది. ట్రాప్ కింద స్లాబులో పైపు అతుకు వదులై ఉంటే, చెంబు నీళ్ళకి తడి మాత్రమే, మిషను నీళ్ళకి చుక్క. అనుమానం ఇది. రుజువెట్లా?

"స్లాబు లోపలికి ముగ్గుపిండి పట్టదు గదా" అన్నాను అమ్మతో.

"అయితే నీళ్ళకే గుర్తు పెట్టు" అంది.

రంగు. మొదట పసుపు నీళ్ళు. మిషను కింద ఇంతకుముందు మడుగు కట్టిన చోట, నేలమీద సగం బకెట్టు పసుపునీళ్ళు పోసి నాలుగు గంటలు వదిలేశాం. కింద ఏమీ లేదు. నేల గట్టిగానే ఉంది, మా పాత మడుగు వాళ్ళ దేవుడి గదికి దిగలేదు. తర్వాత బాత్రూం. అక్కడ పసుపు చాలదని అమ్మ తన తెల్లచీరలకు వాడే నీలిమందు సీసా మొత్తం రెండు బకెట్లలో కలిపింది. ముందే ఓనరు భార్యకు చెప్పాను. ఆమె సరేనంది, స్టూలేసుకుని కింద నిలబడింది. పైన అమ్మ రెండు బకెట్లూ ఒకదాని వెంట ఒకటి ట్రాప్‌లో గుమ్మరించింది.

ఇరవై నిమిషాల తర్వాత కిందనుంచి ఆమె పిలుపు. దేవుడి గది సీలింగు మీద, పాత తడి మరక నడిమధ్యలో, నీలం చుక్క. చూస్తుండగానే రూపాయి బిళ్ళంత అయింది.

మిత్రులారా, నీలం. నేను ప్లాన్ చేసింది కాదు. ఒట్టు.

ఆమె తల పైకెత్తే ఉంచి మెల్లగా అంది. "ఇది మేం పైపోర్షను వేసినప్పుడు మేస్త్రీ వేసిన పైపే కదూ." ఆయన ఏమీ మాట్లాడలేదు. అద్దె కోసం తర్వాత పైన వేసిన పోర్షను అది. దేవుడి గది నెత్తిన బాత్రూం కట్టింది మేం కాదు.

మూడో ఆదివారం ప్లంబరు నేల తవ్వాడు. ట్రాప్‌కీ పైపుకీ మధ్య అతుకులో ఏనాడూ సరిగా సిమెంటు పట్టినట్టు లేదు, వేలు దూరేంత సందు. కొత్త ట్రాప్ వేసి, వాటర్‌ప్రూఫ్ సిమెంటు పెట్టి, రెండు రోజులు నీళ్ళు తగలనివ్వొద్దన్నాడు. మొత్తం 4,000. ఓనరు సగం నన్నిమ్మన్నాడు. "నీళ్ళు మీవి కదా" అన్నాడు. ఇవ్వనని చెప్పాను. గొంతు పెంచలేదు. పైపు ఇంటిది, ఇల్లు మీది అన్నాను. ఆయన భార్య ఆయన వంక చూసింది, ఆయన పర్సు తీశాడు.

ఆ శుక్రవారం పొద్దున కింద మంత్రాలు వినబడ్డాయి. గదికి సంప్రోక్షణ. చుక్క ఆగింది, అతుకు కుదిరింది, సున్నం కూడా వేశారు, అయినా గోమూత్రం చల్లారు. ఆ నీళ్ళు వాళ్ళ పైపులోంచే పడ్డాయని వాళ్ళకిప్పుడు తెలుసు. తెలిసీ చల్లారు.

నాకు మహద్ గుర్తొచ్చింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లో తాగాడు. తర్వాత అక్కడి సవర్ణులు 108 కుండలతో పేడ, మూత్రం, పాలు, పెరుగు పోసి చెరువును శుద్ధి చేసుకున్నారు. పశువులు రోజూ దిగే చెరువది. మనుషులు తాగితే చెడింది. అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న కారంచేడులో అయితే తిరగేసి జరిగింది. మాదిగలు తాగే నీళ్ళ దగ్గర కుడితి బకెట్ల మురికి వదలొద్దన్నందుకు మొదలైంది. మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డం నిలబడింది. మర్నాడు, 1985 జులై 17న, ఆరుగురు మాదిగలను చంపారు. నాకప్పుడు మూడేళ్ళు. అమ్మ చెప్తుంది, ఆ నెలంతా మా పల్లెలో ఆడోళ్ళు నీళ్ళకు పోతే గుంపుగానే పోయేవాళ్ళట. వాళ్ళ మురికి మన నీళ్ళలో కలిస్తే అది మామూలు. మన నీళ్ళ చుక్క వాళ్ళ సీలింగు తాకితే పంతులు కావాలి.

మా ఓనరు కారంచేడు మనిషి కాదు. ఆయన ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు, నీళ్ళు ఆపలేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, నేను కేసు పెట్టాల్సిందని కొందరు మిత్రులు ఫోన్లో అన్నారు. 1989 చట్టం నాకు తెలుసు, దాని కోసం చచ్చినవాళ్ళూ తెలుసు. ఏమని రాయను? సార్ అనడం మానేశాడనా? "ముందే తెలిసుంటే" అని ఆగిపోయాడనా? ఎక్కడ కారిందో నాకు తెలుసు. ఆ గోడ మీది పటం దగ్గర. ముగ్గుపిండి చల్లి చూపించలేను.

నెల తిరక్కముందే ఫోన్లో మెసేజి. వాళ్ళబ్బాయి బెంగళూరు నుంచి వచ్చేస్తున్నాడట, పైపోర్షను కావాలట, రెండు నెలల్లో చూసుకోమన్నాడు. చివర మళ్ళీ రెండు చేతులు జోడించిన బొమ్మ. ఖాళీ చేసేరోజు అడ్వాన్సులోంచి పెయింటింగు కింద 2,000 పట్టుకున్నాడు. ఏ గోడకని అడిగితే సీలింగుకన్నాడు. రెండు కోట్లు వేసినా నీలం కనబడుతోందట. అక్కడ మాత్రం నవ్వాపుకోలేకపోయాను, ఇచ్చేశాను.

కొత్త ఇల్లు వెతకడానికి ఐదు వారాలు పట్టింది. ఆరిళ్ళు చూశాం. రెండిళ్ళల్లో నేరుగా "మీరేంట్లు?" అన్నారు. ఒకచోట "వెజ్జా నాన్‌వెజ్జా" అని చుట్టూ తిప్పి అడిగారు. నేను ప్రతిచోటా గేటు దగ్గరే, అడ్వాన్సు మాట రాకముందే, చెప్పేశాను. ఎస్సీలం, మాదిగలం, హాల్లో అంబేడ్కర్ పటం ఉంటుంది. నాలుగిళ్ళు అక్కడే పోయాయి. ఐదోది అద్దె ఎక్కువై మేమే వదిలేశాం. ఆరోది దొరికింది. ఓనరు రిటైర్డు ఆర్టీసీ డ్రైవరు. పటం ఎంత సైజని అడిగి, హాల్లో మేకు ఆయనే కొట్టించాడు.

తాళంచెవి తీసుకున్న రోజు అమ్మను తీసుకెళ్ళాను. హాలు చూడలేదు, వంటిల్లు చూడలేదు. నేరుగా బాత్రూంలోకి పోయి వంగి ట్రాప్ మీది జాలీ ఎత్తింది. కుళాయి కింద బకెట్టు పెట్టి నింపింది.

"కింద ఎవరుంటారు?" అనడిగింది.

"ఎవరూ లేరమ్మా. కింద బండ్లు పెట్టుకుంటారు."

"అయినా చూద్దాం. నువ్వు కిందికి పో." అని బకెట్టు ఎత్తింది.

నేను మెట్లు దిగాను.

వచ్చే వారం రోస్టర్ పాయింట్లు, ఖాయం. జై భీమ్.